‘ఇంటి దగ్గరే ఉంటంది’ అన్న జవాబు గురించి

2025 జూలైలో టెక్కలి దగ్గర ఉన్న మా చెల్లెలి అత్తవారింటికి వెళ్ళినప్పుడు, వాళ్ళ వీధి అరుగు మీద ఒక సర్వే ఉద్యోగి కూర్చుని ట్యాబ్‌లో వివరాలు నమోదు చేసుకుంటున్నాడు. ఇంట్లో ఎంతమంది, ఎవరు ఎంతవరకు చదివారు, ఎవరు ఏ పని చేస్తున్నారు అని అతను ఓపికగా ఒక్కొక్కటే అడుగుతుంటే మా చెల్లెలి మామగారు అందరి తరఫునా జవాబులు చెబుతున్నారు. కోడలి వంతు వచ్చింది. “ఆవిడ ఏం చేస్తారండీ?” అని అతను అడిగాడు. “ఇంటి దగ్గరే ఉంటంది బాబూ” అన్నారాయన. అతను తెర మీద ఒకచోట వేలు తాకించి తర్వాతి మనిషి వివరాలకు వెళ్ళిపోయాడు. వచ్చినతనికి ఇవ్వడానికి మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్న మా చెల్లెలు ఆ జవాబు విన్నది, ఏమీ అనలేదు.

మా చెల్లెలు గణితంలో డిగ్రీ చేసి, ఆ తర్వాత బీఈడీ పూర్తిచేసింది. 2018 డీఎస్సీ రాసి కొద్ది మార్కుల తేడాతో ఉద్యోగం అందుకోలేకపోయింది. ఆ నోటిఫికేషన్‌లో ఉన్న పోస్టులు 7,902. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ పూర్తిస్థాయి డీఎస్సీ పరీక్ష జరగడానికి 2025 దాకా ఆగవలసి వచ్చింది. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ఒక ప్రకటన వచ్చింది గానీ, ప్రభుత్వం మారాక అది రద్దయింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో కొత్త ప్రకటన వచ్చిన రోజున నేనే సంతోషం పట్టలేక ఆమెకు ఫోన్ చేశాను. అవతల కాసేపు మాట వినపడలేదు. “పుస్తకాలు మా ఆడపడుచు కూతురికి ఇచ్చేశానన్నయ్యా” అంది. దరఖాస్తు చేయలేదు.

నేను డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెబుతాను. ఏటా ఒక వారం పాటు నిరుద్యోగం రకాల గురించి పాఠం చెప్పడం నా పని. పనికోసం వెతుకుతున్నవాడు నిరుద్యోగి అనీ, పనీ చేయక, వెతకకా ఉన్నవాడు శ్రామికశక్తిలోనే లేడనీ నల్లబల్ల మీద రాసి, ఈ రెండింటికీ మధ్య ఉన్న గీత గురించి రెండు నిమిషాలు మాట్లాడి ముందుకు వెళ్ళిపోతూ వచ్చాను. ఆ రోజు అరుగు మీద, ఆ గీతకు అవతలి వైపు మా చెల్లెలు నిలబడి ఉండడం చూశాక ఆ పాఠాన్ని అలా చెప్పలేకపోతున్నాను. ఆమెకు పని అక్కరలేదని ఎవరూ అడిగి తెలుసుకోలేదు. ఏడేళ్ళు ఎదురుచూసి అలసిపోయిన మనిషిని, మొదటి నుంచీ ఉద్యోగం మీద ఆసక్తి లేని మనిషిని ఒకే గడిలో వేసే లెక్క తప్పు లెక్క అని నేను నమ్ముతున్నాను. శ్రీకాకుళం వంటి జిల్లాలో ఆ తప్పు చిన్నది కాదు.

ముందుగా లెక్క ఎలా కడతారో చెప్పాలి. మన దేశంలో ఉద్యోగ, నిరుద్యోగ అంచనాలకు ఇప్పుడు ప్రధాన ఆధారం జాతీయ గణాంక కార్యాలయం 2017 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన నియతకాలిక శ్రామికశక్తి సర్వే. దీని పద్ధతికి మూలం ఆర్థికవేత్త ఎం.ఎల్. దంత్‌వాలా అధ్యక్షతన పనిచేసిన నిపుణుల సంఘం 1970లో ఇచ్చిన నివేదిక. మన దేశంలో ఎక్కువమంది ఏడాది పొడుగునా ఒకే పనిలో ఉండరనీ, అందువల్ల ఒకే ఒక్క సంఖ్యతో నిరుద్యోగాన్ని కొలవలేమనీ ఆ సంఘం స్పష్టంగా చెప్పింది. అందుకే ఏడాది మొత్తాన్ని చూసే కొలత ఒకటి, గడచిన ఏడు రోజులను చూసే కొలత ఒకటి విడివిడిగా వాడుకలోకి వచ్చాయి. ఒక్క సంఖ్యను నమ్మవద్దని యాభై ఏళ్ళ కిందట పెద్దలు చేసిన ఆ హెచ్చరికను మనం పక్కన పెట్టేశాం. పత్రికల్లో, శాసనసభల్లో, టీవీ చర్చల్లో వినిపించేది ఒక్క శాతమే.

ఏడాది కొలతలో ఒక మెలిక ఉంది. ఒక మనిషి ఏడాదిలో ఎక్కువ కాలం పని లేకుండా గడిపినా, అందులో 30 రోజులకు తగ్గకుండా ఏదో ఒక పని చేసి ఉంటే అతన్ని అనుబంధ హోదాలో పనిచేస్తున్నవాడిగా లెక్కిస్తారు. వారం కొలతలో, గడచిన ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజైనా ఒక్క గంట పనిచేసి ఉంటే చాలు, ఆ మనిషికి ఉపాధి ఉన్నట్టే. జీతం ఇచ్చే పనే కానక్కరలేదు, సొంత పొలంలోనో కుటుంబ దుకాణంలోనో జీతం లేకుండా చేసిన సాయమైనా సరిపోతుంది. ఇప్పుడు మా చెల్లెలి సంగతి చూడండి. మార్చి నుంచి మే దాకా జీడితోటల్లో పిక్కలు రాలే కాలంలో ఆమె రోజూ అత్తగారితో కలిసి తోటకు వెళ్ళి పిక్కలు ఏరుతుంది. అది 30 రోజులు దాటుతుంది కనుక ఏడాది లెక్కలో ఆమె జీతం లేని కుటుంబ సహాయకురాలు, అంటే ఉపాధి ఉన్న మహిళ. జూలైలో వచ్చి వారం లెక్క అడిగితే ఆమె ఇంటిపని మాత్రమే చేసుకునే గృహిణి, అంటే శ్రామికశక్తిలో లేని మహిళ. ఒకే మనిషి ఒక లెక్కలో ఉద్యోగి, మరొక లెక్కలో పనితో సంబంధం లేనిది. నిరుద్యోగి మాత్రం ఏ లెక్కలోనూ కాదు.

ఈ సర్వే చేసేవాళ్ళ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నిజానికి మన నిర్వచనం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో ఆమోదించిన ప్రామాణిక నిర్వచనం కన్నా ఉదారమైనది. అక్కడ పని లేకపోవడం, పనికి సిద్ధంగా ఉండడం, పని కోసం వెతకడం అనే మూడూ ఉంటేనే నిరుద్యోగి. మన వారం కొలతలో, వెతకకపోయినా పని దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నానని చెప్పినవారిని కూడా నిరుద్యోగుల్లోనే చేరుస్తారు, వాళ్ళకు 82 అని ప్రత్యేకమైన కోడ్ కూడా ఉంది. ఇంటిపని మాత్రమే చేసుకునేవారి కోడ్ 92. కాగితం మీద మా చెల్లెలికి 82 దొరికే అవకాశం ఉంది. అయితే ఆ మాట ఆమెను అడగాలి, ఆమె చెప్పాలి. ఇంటి పెద్ద ఒక్కడే అందరి తరఫునా జవాబు చెప్పే చోట, కోడలు పనికి సిద్ధంగా ఉందో లేదో ఆయనకు తెలిసే అవకాశం తక్కువ, తెలిసినా వీధిలో వచ్చిన కొత్తమనిషికి చెప్పే అవకాశం ఇంకా తక్కువ. 82కీ 92కీ మధ్య దూరం ఒక్క ప్రశ్న మాత్రమే. ఆ ప్రశ్న వంటింటి గుమ్మం దాకా రాలేదు.

మన భాషలో ఈ స్థితికి ఉన్న మాటలను గమనిస్తే నాకు సర్వే పట్టికల కన్నా ఎక్కువ తెలిసినట్టు అనిపిస్తుంది. చదువు పూర్తయిన కొత్తలో కుర్రవాడి గురించి తల్లిదండ్రులు “ట్రై చేస్తున్నాడు” అంటారు. రెండేళ్ళు గడిచాక “ప్రిపేరవుతున్నాడు” అంటారు. మరో మూడేళ్ళకు “పొలం చూసుకుంటున్నాడు” అంటారు, ఆ పొలం ఎకరం కూడా ఉండదు, దానిని చూసుకోవడానికి తండ్రి ఒక్కడు చాలు. అమ్మాయి విషయంలో “సంబంధాలు చూస్తున్నాం” అన్న మాటతో ఆ ప్రయాణం ముందే ముగిసిపోతుంది. “ఖాళీగా ఉన్నాడు” అని ఏ తండ్రీ ఇష్టంగా చెప్పడు, ఎందుకంటే మన ఊళ్ళలో ఆ మాట తిట్టుతో సమానం. “ట్రై చేస్తున్నాడు” నుంచి “పొలం చూసుకుంటున్నాడు” దాకా వచ్చిన కుర్రవాడికి ఈలోగా ఉద్యోగమేమీ రాలేదు, అయినా అతను నిరుద్యోగుల జాబితా నుంచి ఉపాధి ఉన్నవారి జాబితాలోకి మారిపోయాడు. ఇలాంటివాళ్ళు ఎక్కువయ్యే కొద్దీ నిరుద్యోగ శాతం తగ్గుతుంది.

దేశం మొత్తం మీద 15 ఏళ్ళు దాటినవారిలో నిరుద్యోగ శాతం 2017-18లో 6.0 ఉండగా 2023-24 నాటికి 3.2కు తగ్గింది. అదే కాలంలో పనిచేసేవారిలో స్వయం ఉపాధి మీద ఉన్నవారి వాటా 52.2 శాతం నుంచి 58.4 శాతానికి పెరిగింది. వ్యవసాయంలో ఉన్నవారి వాటా 44.1 నుంచి 46.1కి పెరిగింది. అభివృద్ధి చెందుతున్న దేశంలో జనం పొలం నుంచి ఫ్యాక్టరీకి, దుకాణానికి, కార్యాలయానికి కదలాలి. మన దగ్గర ఈ ఆరేళ్ళలో కదలిక వెనక్కి జరిగింది. గ్రామీణ మహిళల్లో శ్రామికశక్తిలో ఉన్నవారి శాతం 24.6 నుంచి 47.6కు పెరగడాన్ని చాలామంది గొప్ప విజయంగా చెబుతున్నారు. ఆ పెరుగుదలలో నిజమైన మంచి కొంత ఉండవచ్చునని నేనూ ఒప్పుకుంటాను, ఇన్నాళ్ళూ లెక్కకు రాని ఆడవాళ్ళ శ్రమ లెక్కలోకి రావడం న్యాయమే. అయితే 2023-24లో పనిచేస్తున్న మహిళల్లో 36.7 శాతం మంది కుటుంబ వ్యాపకాల్లో జీతం లేని సహాయకులేనన్న సంగతిని దాని పక్కనే పెట్టి చదవాలి. చేతికి ఒక్క రూపాయి రాని పనిని ఉపాధి అని పిలిచి, దాని ఆధారంగా నిరుద్యోగం తగ్గిందని ప్రకటించడం ఆ మహిళలకు న్యాయం చేయడం కాదు.

ప్రచ్ఛన్న నిరుద్యోగం అన్న మాటను ఇంటర్మీడియట్ నుంచీ మనందరం చదువుకున్నాం. ముగ్గురు చేయగల పనిని అయిదుగురు చేస్తుంటే ఇద్దరిది ప్రచ్ఛన్న నిరుద్యోగం అని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఈ భావనను 1936లో ప్రవేశపెట్టిన బ్రిటిష్ ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ మనసులో ఉన్నది మన వరిపొలం కాదు. మాంద్యంలో ఉద్యోగాలు పోగొట్టుకుని, బతకడానికి ఏదో ఒక చిన్న పనిలో దూరిన పారిశ్రామిక కార్మికుల గురించి ఆమె రాసింది. ఆ పాత అర్థమే మా జిల్లా తీరంలోని తోటల ప్రాంతమైన ఉద్దానానికి బాగా సరిపోతుందని నాకు అనిపిస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కొబ్బరిచెట్లు, జీడిమామిడి చెట్లు కూకటివేళ్ళతో పడిపోయాయి. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడు సంవత్సరాలు పడుతుంది. తోట ఉన్న రైతు ఆ ఆరేడేళ్ళూ రైతుగానే నమోదై ఉంటాడు. తోటలో పని ఉన్నా లేకపోయినా, చేతిలో డబ్బు ఆడినా ఆడకపోయినా, సర్వే వచ్చిన రోజున అతని వృత్తి సేద్యమే. మా నాన్నగారు అలాగే అయిదేళ్ళు గడిపారు. ఉదయం తోటకు వెళ్ళి మొక్కలకు నీళ్ళు పోసి పది గంటలకు తిరిగి వచ్చి, మిగిలిన రోజంతా రచ్చబండ దగ్గర కూర్చునేవారు. ఆయనను ఎవరైనా నిరుద్యోగి అని ఉంటే బాధపడేవారు. అయినా నిజం అదే.

పలాస జీడిపప్పు కార్ఖానాల్లో పిక్కలు కొట్టి పప్పు ఒలిచే ఆడవాళ్ళది ఇంకొక రకమైన మరుగు. వాళ్ళకు కూలి చేసిన పనిని బట్టి వస్తుంది. సరుకు లేనప్పుడు, ధర పడిపోయినప్పుడు పని ఆగిపోతుంది, మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందో ముందుగా తెలియదు. ఆ మధ్యకాలంలో వాళ్ళు ఇంకో పని వెతుక్కోరు, ఎందుకంటే వెతుక్కునే చోటు లేదు, పైగా పిలుపు వచ్చినప్పుడు అందుబాటులో లేకపోతే ఉన్న పని కూడా పోతుందన్న భయం ఉంటుంది. వారంలో ఒక్కరోజు పని దొరికినా లెక్కలో వాళ్ళకు ఉపాధి ఉన్నట్టే.

ఇక మగవాళ్ళు. మా ప్రాంతపు నిరుద్యోగంలో పెద్ద భాగం మా ప్రాంతంలో కనిపించదు, అది రైలెక్కి వెళ్ళిపోతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో ప్రతి వెయ్యిమంది మగవారికి 1,015 మంది ఆడవారు, విజయనగరంలో 1,019 మంది ఉన్నారు. 2001 నుంచి 2011 మధ్య శ్రీకాకుళం జనాభా పెరిగింది ఆరున్నర శాతం మాత్రమే. ఈ అంకెల వెనక చెన్నైలో, హైదరాబాదులో కట్టడాల మీద పనిచేస్తున్న మనుషులున్నారు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు వాళ్ళలో చాలామంది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలవారని తెలిసి మా ఊళ్ళో ఆ రోజంతా ఎవరి ఫోను మోగినా గుండె ఆగినంత పనయింది, మా పెదనాన్న కొడుకు అప్పుడు ఆ నగరంలోనే ఉన్నాడు. ఇంత పొడవైన సముద్రతీరం ఉన్న జిల్లా నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్ళి పరాయి పడవల మీద కూలికి వేటాడతారు. 2018 చివర పాకిస్థాన్ బలగాలు పట్టుకున్న ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో ఇరవై మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా తిరిగి వచ్చినప్పుడు, స్వగ్రామంలో పని లేకపోవడం మనిషిని ఎంత దూరం తీసుకుపోగలదో రాష్ట్రమంతా చూసింది. వలస వెళ్ళినవాడు అక్కడి లెక్కలో ఉద్యోగి. అతను వెళ్ళిపోయాడు కనుక ఇక్కడి లెక్కలో నిరుద్యోగి లేడు. రెండు చోట్లా అంకె బాగానే ఉంటుంది.

దీనికి ఎదురుగా వినిపించే మాట ఒకటుంది, అది తేలికగా తీసివేయవలసినది కాదు. ఇంత నిరుద్యోగం ఉంటే ఉభాలకు, అంటే వరినాట్లకు, మనుషులు ఎందుకు దొరకడం లేదు, తాపీ పనికి బయటి రాష్ట్రాలవాళ్ళు ఎందుకు వస్తున్నారు, చదువుకున్న పిల్లలకు ఒళ్ళు వంగడం లేదని ఎందుకు అనుకోకూడదు అని రైతులు, మేస్త్రీలు అడుగుతారు. మా నాన్నగారు కూడా అడిగేవారు. ఉభాలకు మనుషులు దొరకని మాట నిజమే, కానీ ఆ కొరత ఏడాదిలో ఇరవై రోజులది. ఊరంతటికీ ఒకేసారి నాట్లు పడాలి కనుక ఆ ఇరవై రోజులూ ఎంతమంది ఉన్నా చాలరు, మిగిలిన మూడు వందల నలభై రోజులూ వాళ్ళందరికీ ఏం పని అన్న ప్రశ్న ఎవరూ వేయరు. ఆ ఇరవై రోజుల కూలి కోసం చెన్నైలో నెల పొడుగునా దొరికే పనిని వదులుకుని ఎవరూ రారు. ఇక చదువుకున్నవారి సంగతి. పొలం అమ్మి, పుస్తె తాకట్టు పెట్టి బీఈడీ చదివించిన తల్లిదండ్రులే, కూతురు ఆ చదువు పక్కనపెట్టి కూలికి వెళ్తే ఊళ్ళో తలెత్తుకోలేమని అంటారు. చదువుకు తగిన పని కోసం ఆగడాన్ని బద్ధకం అని పిలవడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ చదువు చదివితే ఉద్యోగం వస్తుందని ఊరిస్తూ కళాశాలలకు అనుమతులు ఇచ్చింది మనమే.

పని అక్కరలేదని ఇంట్లో కూర్చున్నారని అనుకున్నవాళ్ళు, పని దగ్గరికి వచ్చినప్పుడు ఏం చేశారో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం 1.26 లక్షల పోస్టులు ప్రకటిస్తే 21 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. వాళ్ళలో అప్పటికే ఏదో ఒక పనిలో ఉన్నవారు, ఒకటికి మించి దరఖాస్తులు పెట్టినవారు ఉండి ఉంటారు. అయినా అంతకు ముందు నెల వరకూ “ఇంటి దగ్గరే” ఉన్న ఎంతమంది ఆ వారం రోజుల్లో హాల్‌టికెట్ పట్టుకుని బస్సులెక్కారో నేను కళ్ళారా చూశాను. అంతకన్నా బలమైన ఉదాహరణ అనకాపల్లి జిల్లాలోని అచ్యుతాపురం. అక్కడి దుస్తుల తయారీ కేంద్రం బ్రాండిక్స్‌లో వేలాది మంది పనిచేస్తున్నారు, వాళ్ళలో అత్యధికులు చుట్టుపక్కల పల్లెల మహిళలు. ఉదయం ఊరి కూడలికి బస్సు వస్తుంది, సాయంత్రం మళ్ళీ అక్కడే దింపుతుంది. ఆ బస్సు రాకముందు ఆ ఇళ్ళకు సర్వే వెళ్ళి ఉంటే ఆ మహిళల్లో ఎంతోమందికి 92 అన్న కోడ్ పడి ఉండేది. బస్సు వచ్చింది, వాళ్ళు ఎక్కారు. అక్కడి జీతాల మీద, పని ఒత్తిడి మీద వేరే చర్చ చేయవలసిందే. నా వాదన ఇక్కడ ఒక్కటే: వాళ్ళు పనిని వెతకకపోవడానికి కారణం పని మీద అనిష్టం కాదు, వెతికితే దొరికే దూరంలో పని లేకపోవడం.

అమెరికాలో కార్మిక గణాంకాల సంస్థ 1994 నుంచి ఆశ వదులుకున్నవారికి ప్రత్యేకమైన నిర్వచనం పెట్టుకుని, పని కావాలనుకుంటూ, గత ఏడాదిలో వెతికి, దొరకదన్న నమ్మకంతో గత నాలుగు వారాలుగా వెతకడం మానినవారిని విడిగా లెక్కించి ప్రతి నెలా ప్రకటిస్తుంది. వాళ్ళను కలిపిన నిరుద్యోగ శాతాన్నీ, ఆ పైన పూర్తికాలం పని దొరకక అరకొర పనితో సరిపెట్టుకుంటున్నవారిని కూడా కలిపిన శాతాన్నీ మామూలు శాతం పక్కనే పెడుతుంది. మనకు ఇది అసాధ్యమేమీ కాదు. 2025 జనవరి నుంచి మన సర్వే తీరు మారింది, నెలనెలా అంచనాలు వస్తున్నాయి, నమూనా ఎంపికలో జిల్లాను ప్రాథమిక విభాగంగా తీసుకున్నారు. ఇన్నాళ్ళూ శ్రీకాకుళం లెక్క రాష్ట్రం లెక్కలో కలిసిపోయేది, గుంటూరు, కృష్ణా జిల్లాల సగటులో మా ఖాళీ చేతులు కనిపించకుండా పోయేవి. ఇప్పుడు జిల్లావారీగా చెప్పగలిగే అవకాశం వచ్చింది కనుక, నిరుద్యోగ శాతం ఒక్కదానితో ఆగకుండా, పనికి సిద్ధంగా ఉండి వెతకనివారు ఎందరో, జీతం లేని సహాయకులు ఎందరో, ఏడాదిలో 30 రోజుల పనితోనే ఉద్యోగులైపోయినవారు ఎందరో జిల్లావారీగా ప్రకటించాలని నేను కోరుతున్నాను. ఇంటి పెద్ద జవాబుతో తృప్తిపడకుండా పదిహేనేళ్ళు దాటిన ప్రతి మనిషినీ నేరుగా అడగాలి. ఎప్పుడు వెతకడం మానేశారు, ఎందుకు మానేశారు అన్న రెండు ప్రశ్నలు చేర్చాలి.

ఉపాధి హామీ పనిలో కూడా ఇదే జబ్బు చూశాం. అడిగినవారికి పని ఇవ్వాలి, పదిహేను రోజుల్లో ఇవ్వలేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి అని 2005 నాటి చట్టం రాసింది. అయితే పని ఇప్పుడు లేదని రెండుసార్లు నోటిమాటగా చెప్పించుకున్న మనిషి మూడోసారి వెళ్ళి కాగితం రాసి రసీదు అడగదు. కాగితం లేదు కనుక డిమాండ్ లేదు, డిమాండ్ లేదు కనుక పని మంజూరు కాదు.

ఆ రోజు సర్వే అతను వెళ్ళిపోయాక, మామగారు మధ్యాహ్నం నిద్రకు లేచి వెళ్ళాక, మా చెల్లెలిని నేనే అడిగాను. అతని ట్యాబ్‌లో లేని ప్రశ్న అడిగాను. ఈ ఊరి నుంచి బస్సు ఉండి, సాయంత్రం అయిదున్నరకల్లా ఇంటికి చేర్చే పని ఏదైనా ఉంటే, అది టీచరు ఉద్యోగమే కాకపోయినా సరే, వెళ్తావా అన్నాను. ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. ఏరి ఆరబెట్టిన పప్పుల పళ్ళెం ఒళ్ళోకి తీసుకుని కాసేపు వేళ్ళతో కదిపింది. “పాప బడి ఆటో ఎనిమిదింబావుకి వస్తది అన్నయ్యా. బస్సు దాని తర్వాతే వచ్చేటట్టు ఉంటదా?” అని అడిగింది.